కాఫీ మిషను కొంటున్నారా?

కాఫీ మంచిదా, చెడ్డదా అని నన్నడిగేవాళ్ళు రోజుకి నలుగురైనా ఉంటారు. మీ ఇంట్లో డికాక్షను ఎలా దిగుతోంది, ఎన్ని గంటలకి దిగుతోంది, దాంతోపాటు ఏ మాత్ర మింగుతున్నారు అని నేను ఎదురడిగితే మాత్రం వింతగా చూస్తారు. "కాఫీకీ మాత్రకీ ఏమిటండీ సంబంధం?" అంటారు. సంబంధం ఉంది. కరెంటుతో నడిచే కాఫీ మిషను ఒకటి కొనాలని మీరు ముచ్చటపడుతున్నట్లయితే ఆ సంగతి ముందే తెలుసుకోవటం మంచిది.

మా ఇంట్లో ఆరేళ్ళుగా అలాంటి మిషను ఉంది. అంతకు ముందు ఇత్తడి ఫిల్టరు ఉండేది. ఇప్పటికీ దాన్ని అటక ఎక్కించలేదు. చుట్టాలొచ్చిన రోజున మా ఆవిడ దాన్నే తీస్తుంది. కనక ఈ రెండిటిలో దేనికీ నేను విరోధిని కాను. రెండూ చేసే పని ఒకటే. పొడి మీద వేడినీళ్ళు పడాలి, సారం చుక్క చుక్కగా కిందకి దిగాలి. తేడా అల్లా వడపోతలో ఉంది. ఇత్తడి ఫిల్టరులో చిల్లుల పళ్ళెం వడపోస్తుంది. మిషనులో కాగితం వడపోస్తుంది.

ఈ కాగితం కనిపెట్టింది శాస్త్రజ్ఞులు కారు, ఒక ఇల్లాలు. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో ఉండే మెలిట్టా బెంట్జ్ అనే ఆవిడకి కాఫీలో నలకలన్నా, చేదన్నా గిట్టేది కాదు. ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు బడి పుస్తకంలోని అద్దుడు కాగితం చింపి అందులో పరిచి వడపోసింది. 1908లో దానికి పేటెంటు తీసుకుంది. దీనికి కరెంటు జోడించిన మిషను 1954లో అదే దేశంలో వచ్చింది. 1972 తరవాత అమెరికాలో ఇంటింటికీ పాకింది.

ఆవిడ చూసుకున్నది రుచి ఒక్కటే. ఆ కాగితం ఆరోగ్యానికి చేసే మేలు బయటపడటానికి మరో డెబ్భై ఏళ్ళు పైన పట్టింది. నార్వే దేశం ఉత్తరాన ట్రోమ్సో అనే ఊళ్ళో, కాఫీ ఎక్కువ తాగేవాళ్ళకి రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉంటోందని 1983లో డాక్టర్లు ప్రకటించారు. అక్కడ చాలామంది పొడిని నీళ్ళలో వేసి మరిగించి తాగేవారు. కాఫీ గింజలోని కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఇందుకు ముఖ్య కారణమని తరవాతి పరిశోధనల్లో తేలింది. మరిగించిన కాఫీలో అది బాగా ఉంటుంది. కాగితంలో వడపోస్తే దాదాపు అంతా కాగితానికే అంటుకుపోతుంది. లోహపు చిల్లుల్లోంచి కొంత దిగుతుంది. అదే నార్వేలో అయిదు లక్షలమందిని సుమారు ఇరవయ్యేళ్ళు గమనించి, 2020లో మరో సంగతి చెప్పారు. వడపోసిన కాఫీ తాగేవాళ్ళలో, వడపోయనిది తాగేవాళ్ళకన్నా మరణాలు తక్కువగా కనిపించాయి. ఇది గమనించి చెప్పిన మాటే తప్ప, కాగితం ఆయుష్షు పోస్తుందన్న హామీ కాదు సుమా!

అందుకని ఇత్తడి ఫిల్టరు పాత సామాన్లవాడికి వేసెయ్యకండి. రోజుకి ఒకటి రెండు గ్లాసులతో సరిపెట్టుకునే ఆరోగ్యవంతులకి దానివల్ల వచ్చే ముప్పు పెద్దగా లేదు. కొలెస్టరాల్ ఎక్కువుందని డాక్టరు చెప్పినా నాలుగైదు గ్లాసులు మానలేనివాళ్ళకి మాత్రం కాగితం మేలు చేస్తుంది. చాలా మిషన్లతో సన్నని జల్లెడ బుట్ట ఒకటి ఇచ్చి, "కాగితం ఖర్చు లేదండీ" అంటారు. ఆ జల్లెడ నలకల్ని ఆపుతుంది, నూనెని ఆపలేదు. అందులోనే కాగితం వేసుకోండి. మిషను కొనే ముందే దానికి సరిపడే కాగితం, కోనుదో, చదునైన అడుగుదో, మీ ఊళ్ళో దొరుకుతుందో లేదో కనుక్కోండి. మిషను స్తోమత లేకపోతే, గ్లాసు మీద పెట్టుకునే పింగాణీ కోను, ఒక కాగితాల పొట్లం చాలు. కరెంటు లేకుండానే ఆ పని అయిపోతుంది.

ఇక దుకాణంలో మీకు ముందుగా చెప్పేది కప్పుల సంఖ్య. "పన్నెండు కప్పులదండీ" అంటారు. ఆ కప్పు 125 నుంచి 150 మిల్లీలీటర్లది. అదీ పాలు కలపని కాఫీ లెక్క. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి నాలుగు నుంచి ఆరు కప్పుల మిషను చాలు. పెద్దది కొంటే నిండా చేస్తారు. చేసింది పారబొయ్య బుద్ధికాక తాగుతారు. మిగిలిన అన్నం తినేసే ఇల్లాళ్ళకి ఈ సంగతి నేను విప్పి చెప్పక్కర్లేదు.

గాజు జగ్గు కింద వేడి పళ్ళెం ఉన్న మిషన్లలో డికాక్షను ఉడుకుతూనే ఉంటుంది. అరగంట దాటితే చేదెక్కుతుంది. ఫ్లాస్కులాంటి జగ్గు ఉన్నదయితే ఆ బాధ లేదు. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికైతే తనంతట తనే ఆగిపోయేది తీసుకోండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిందయితే అడుగున రాసింది చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తిన్నగా ప్లగ్గులో పెడితే మొదటి రోజే కాలిపోతుంది. ఇవి 600 నుంచి 1000 వాట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతాయి. దానికి తగిన పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొనాలంటే ఖర్చూ బరువూ రెండూ ఎక్కువే. ఇక్కడే ఒక మిషను కొనుక్కోవటం సుఖం.

మిషను తెచ్చిన మొదటి వారంలో ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట, "ఇది కాఫీయా, కడిగిన నీళ్ళా?" అని. తప్పు మిషనుది కాదు. అది పాలు లేకుండా తాగేవాళ్ళ కోసం పుట్టింది. మన పద్ధతికి నీళ్ళు తగ్గించాలి. ఇద్దరికి 20 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్ళు వేసి చూడండి. దిగిన దాన్ని ఇద్దరూ పంచుకుని కాచిన పాలు కలుపుకుంటే చక్కగా ఉంటుంది. చికోరీ కలిసిన మెత్తటి పొడి వేస్తే కాగితం పూడుకుపోయి, నీళ్ళు బుట్ట అంచు దాటి పొంగుతాయి. సన్న రవ్వలా ఆడించిన, చికోరీ లేని పొడి అడగండి. మన అరకు లోయలో పండే అరబికా అయితే ఇందుకు భేషుగ్గా ఉంటుంది.

చికోరీ ఒక మొక్క వేరు. అందులో కెఫీను లేదు. అంచేత చికోరీ పొడి నుంచి వట్టి కాఫీ పొడికి మారినవాళ్ళకి అదే గ్లాసులో కెఫీను పెరుగుతుంది. 10 గ్రాముల అరబికా పొడిలో సుమారు 100 మిల్లీగ్రాములు, ఆ పైన కెఫీను ఉంటుంది. రోబస్టాలో దానికి దాదాపు రెట్టింపు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల ప్రకారం రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. టీ కూడా ఆ లెక్కలోదే. గర్భిణీ స్త్రీలు 200 లోపే ఉండాలని చాలామంది స్త్రీవైద్యులు చెబుతారు. కడుపుతో ఉన్నప్పుడు కెఫీను ఒంట్లోంచి మామూలు కన్నా చాలా నెమ్మదిగా పోతుంది మరి.

శుభ్రం సంగతి కూడా చెప్పాలి. ఇత్తడి ఫిల్టరు చింతపండుతో తోమితే తళతళలాడుతుంది, మురికి ఉంటే కంటికి కనిపిస్తుంది. మిషను లోపల కనిపించదు. నీళ్ళ తొట్టి చీకటిగా, చెమ్మగా ఉంటుంది. రాత్రంతా తడిపొడి బుట్టలోనే ఉంటే బూజు పడుతుంది. తాగిన వెంటనే పిప్పి పారేసి, బుట్టా జగ్గూ సబ్బుతో కడిగి, తొట్టి మూత తెరిచి ఆరబెట్టండి. పిప్పి మొక్కల మొదట్లో వేయవచ్చు. బోరునీళ్ళ ఊళ్ళలో లోపలి గొట్టానికి సున్నపు గార పడుతుంది. నెలకోసారి లీటరు నీళ్ళలో ఒక పెద్ద చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి మిషనులో నడిపించి, ఆ తరవాత రెండుసార్లు వట్టి నీళ్ళు నడిపించండి.

ఇప్పుడు మొదట చెప్పిన మాత్రల సంగతికి వస్తాను.

కాకినాడలో మా మేనత్త ఉంది. డెబ్భై దాటింది. మామయ్య పోయాక ఒక్కతే ఉంటోంది. చాలా ఏళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. సెలవుకి వచ్చిన కొడుకు, అమ్మ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదని, టైము పెట్టుకునే కాఫీ మిషను కొనిచ్చి వెళ్ళాడు. అయిదింటికల్లా డికాక్షను తయారు. అత్తయ్య మహా సంబరపడింది.

ఏడాది తిరిగేసరికి ఆవిడకి నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బటం మొదలయ్యాయి. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగింది. అక్కడి డాక్టరు మాత్ర మోతాదు పెంచారు. అయినా తగ్గక మళ్ళీ పెంచారు. నేను చూడటానికి వెళితే, "ఇంక నా పని అయిపోయిందిరా అబ్బాయ్, మీ మామయ్య పిలుస్తున్నాడు" అంది. ఆ రాత్రి అక్కడే ఉన్నాను. తెల్లవారుజామున చూస్తే, కాఫీ గ్లాసు ఒక చేత్తో, మాత్ర రెండో చేత్తో పట్టుకుని వస్తోంది.

"అత్తయ్యా, ఎప్పుడూ ఇలాగే వేసుకుంటావా?" అన్నాను.

"ఎన్నో ఏళ్ళ నుంచీ మాత్ర, ఆ తరవాత కాఫీ. ఇందులో కొత్తేముందిరా?" అంది.

కొత్త ఉంది. వెనక ఆవిడ లేవగానే మంచినీళ్ళతో మాత్ర వేసుకునేది. వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, పాలవాడి కోసం చూసి, నీళ్ళు కాచి, ఫిల్టరులో పోసి, అది దిగేదాకా కూర్చునేసరికి గంట దాటేది. ఎవరూ చెప్పకుండానే మాత్రకీ కాఫీకీ మధ్య గంట ఎడం ఉండేది. మిషను ఆ గంటని మింగేసింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. వెంటనే కాఫీ పడితే మాత్రలో మందు పేగుల్లోంచి సరిగ్గా ఒంటికి పట్టదు.

మిషను మానలేదు, మాత్రా మార్చలేదు. లేవగానే నీళ్ళతో మాత్ర, మిషను టైము మాత్రం ఆరున్నరకి మార్చాం. ఈ సంగతి అక్కడి డాక్టరుగారికి చెప్పి, ఆరు వారాలకి పరీక్ష చేయించాం. టి.ఎస్.హెచ్. దిగింది. పెంచిన మోతాదుని ఆయనే తగ్గించారు. అత్తయ్య మళ్ళీ గుడికి నడిచి వెళుతోంది.

మీ ఇంట్లో కూడా ఓసారి చూసుకోండి. థైరాయిడ్ మాత్రకీ కాఫీకీ మధ్య అరగంట నుంచి గంట ఎడం ఉండాలి. రక్తహీనతకి ఇనుము మాత్రలు వాడే ఆడపిల్లలు వాటిని కాఫీతో మింగకూడదు. భోజనానికి గంట ముందూ, గంట తరవాతా కాఫీ, టీలు వద్దని పోషకాహార సంస్థ చెప్పింది కూడా ఇందుకే. అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి. నిద్రపట్టక బాధపడేవాళ్ళు మధ్యాహ్నం దాటాక కాఫీ మానాలి. సాయంత్రం అయిదింటికి తాగిన దానిలో సగం కెఫీను రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. తగ్గించదలచినవాళ్ళు ఒక్కసారిగా మానకండి, తలనొప్పి వస్తుంది. వారానికి కొంచెం చొప్పున పొడి తగ్గించుకుంటూ రండి.

మిషను మంచి వస్తువే. కొనుక్కోండి, హాయిగా తాగండి. ఒక్క పని మాత్రం మరిచిపోకండి. దానికి టైము పెట్టే రోజున, ఇంట్లో ఎవరు ఏ మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారో అడిగి, ఆ తరవాతే ముల్లు తిప్పండి.