పనికిరానిదాన్నన్న ప్రార్థన

"ప్రభువా, నేనెందుకూ పనికిరానిదాన్ని" అన్న మాటతోనే చాలా ఏళ్లు నా ప్రార్థన మొదలయ్యేది. దాన్నే దీనత్వం అనుకున్నాను. పాట బాగా పాడావమ్మా అని సంఘంలో ఎవరైనా అంటే "నాదేం లేదు, అంతా దేవుని కృప" అనేదాన్ని. ఆ మాటలో తప్పు లేదు. కానీ ఎవరూ మెచ్చుకోని ఆదివారం ఇంటికొస్తే అన్నం సహించేది కాదు. స్త్రీల సమాజం, సండే స్కూలు, క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, ఎవరు ఏ పని చెప్పినా కాదనలేదు. పరిచర్య మీద ప్రేమ అనుకున్నాను. ఆ పనులు మానేస్తే నన్నెవరూ లెక్కచేయరన్న భయమే నా చేత చేయించింది.

ఆ భయాన్ని నా కూతురికీ అంటించాను. నేను చేసిన అసలు తప్పు అదే. క్లాసులో ఫస్టొచ్చినా "గర్వపడకు" అనేదాన్ని తప్ప, బాగా చదివావన్న మాట నా నోట రాలేదు. తొమ్మిదో తరగతిలో సైన్స్ ఎగ్జిబిషన్‌కి టీచరు పేరు రాసుకోబోతే "నేను పనికిరాను టీచర్, వేరేవాళ్లని పెట్టుకోండి" అందట. ఆ టీచరు ఫోన్ చేసి చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. అవి నా ప్రార్థనలోని మాటలు. రోజూ నా పక్కనే మోకరించి వింటూ పెరిగింది కదా.

తర్వాత కొన్నాళ్లకు మార్కు సువార్త మళ్లీ మొదటినుంచి చదివాను. యేసు యొర్దానులో బాప్తిస్మం పొంది ఒడ్డుకు వస్తుంటే, నువ్వు నా ప్రియ కుమారుడివని తండ్రి ఆకాశం నుంచి పలికాడు. మార్కు చెప్పిన ప్రకారం అప్పటికి యేసు ఒక్క రోగినీ బాగుచేయలేదు, ఒక్క ప్రసంగమూ చేయలేదు, వెంట ఒక్క శిష్యుడూ లేడు. తండ్రి ప్రేమ ముందు, పని తర్వాత. ఎన్నోసార్లు చదివినా ఆ వరస నా కంటికి ఆనలేదు. పౌలు కూడా రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలో తనను తాను ఉన్నదానికంటే ఎక్కువగా ఎంచుకోవద్దన్నాడు. తీసిపారేసుకోమని అనలేదు.

ఇదంతా చదివాక మా పూర్వీకులు గుర్తొచ్చారు. మాది ఒంగోలు ప్రాంతం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, మా పూర్వీకుల్లాంటివాళ్లు. కరువు చంపుతున్న కాలం. ఊరు వాళ్లను ముట్టుకోలేదు, బావి దగ్గరికి రానివ్వలేదు. దేవుడు మనల్నీ పిల్లలుగా ఎంచుకున్నాడన్న నమ్మకంతో వాళ్లు తలెత్తుకున్నారు. పనికిరానివాళ్లని ఊరు వాళ్ల మీద వేసిన మాటను నేను భక్తి పేరుతో నా నెత్తిన పెట్టుకున్నాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

తప్పు నాదని అమ్మాయికి చెప్పాను. వెంటనే నమ్మలేదు. చిన్నప్పటినుంచి విన్నది ఒక్క మాటతో పోతుందా? ప్రార్థన మార్చుకున్నాను. పాపం ఒప్పుకుంటాను, ఆయన నన్ను ప్రేమిస్తున్నాడనీ ఒప్పుకుంటాను. సంఘంలో చేయలేని పనిని చేయలేనని చెబుతున్నాను. ఎవరూ నన్ను వెలివేయలేదు.

పిల్లలకు వాక్యం చెప్పే అమ్మలకు, అక్కలకు నాదొక మనవి. పాపం గురించి తప్పకుండా చెప్పండి. కానీ బైబిల్లో పాపం వచ్చేది ఆదికాండం మూడో అధ్యాయంలో. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేసి చాలా మంచిదని చూసుకున్నది మొదటి అధ్యాయంలో. దయచేసి ఆ వరసలోనే చెప్పండి.