జీడితోటలో దీపం

జీడిమామిడి చెట్టు నీడ ఎలాటిదో తెలియాలంటే బాపట్ల వెళ్ళాలి. తెనాలి నుంచి రైల్లో గంట ప్రయాణం. నిడుబ్రోలు దాటేదాకా వరి మాగాణి. ఆ తరువాత నేల రంగు మారుతూ వస్తుంది. బాపట్లలో దిగి సూర్యలంక రోడ్డు పట్టేమంటే ఇక ఇసుకే. ఆ ఇసుకలో సరుగుడు, తాడి, జీడిమామిడి. జీడి చెట్టు ఎత్తుకు పోదు. కొమ్మలు పక్కలకు చాచి, నేలను తాకేటట్టు వంగి, పట్టపగలే తన కింద చిన్న సాయంకాలం తయారుచేసుకుంటుంది. వేసవిలో అక్కడ కూర్చున్నవాడికి లేవబుద్ధి కాదు.

అలాంటి తోటలోనే మా బావగారు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక తాటాకు కుటీరం వేసుకున్నారు. అన్నీ వున్నాయి, కరెంటు ఒక్కటే లేదు. స్తంభాలు రావాలంటే ఇంకో ముగ్గురి తోటలు దాటాలి. ఇద్దరు సరే అన్నారు, మూడో ఆయన ససేమిరా అన్నాడు. టార్చిలైటూ కొవ్వొత్తులూ పెట్టుకుని రెండేళ్ళు గడిపేరు. కిందటి వానాకాలంలో పక్క తోట కాపలావాణ్ణి రాత్రివేళ రక్తపింజర కరిచింది. సమయానికి ఆస్పత్రికి చేర్చారు కనక బతికేడు. జీడాకు రాలి అడుగుమందాన పరుచుకున్న చోట పాము ఎక్కడ వుందో పగలే కనపడదు. అప్పటినుంచీ పిల్లలు తోట అమ్మేయమని పోరు పెట్టారు. అక్కయ్య ఒక మాట తేల్చి చెప్పింది: "సంక్రాంతి లోపల లైటూ ఫానూ వచ్చాయా, వుంటాను. లేదూ, పెద్దాడి దగ్గరికి పోతాను. మీ బావగారు చెట్లతోనే కాపురం చేసుకుంటారు."

ఆ పని నా నెత్తిన పడింది.

తెనాలిలో సోలారు సామాను అమ్మే దుకాణదారు కుటీరం ఫోటో చూసి, "రెండు చెట్లు కొట్టించేయండి సార్, ఇంటిమీదే పానెలు పెట్టేద్దాం" అన్నాడు. వ్యాపారంగా చూస్తే అతని మాట తప్పు కాదు. పానెలులోని అరలన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి వుంటాయి. కాలవకు ఒకచోట అడ్డు పడితే దిగువ పొలాలన్నీ ఎండినట్టు, ఒక అరమీద నీడ పడినా దాని వరసంతా కుంటుపడుతుంది. పక్కదారి చూపటానికి డయోడ్లు వుంటాయి. అవి ఒక మూల నీడను కాచుకోగలవు గాని చెట్టంత నీడకు అవేం చేస్తాయి? బావగారితో ఈ సంగతి చెబితే, "ఆ చెట్లు కొట్టేశాక అక్కడ ఎవరు కూర్చుంటారోయ్?" అన్నారు.

పోనీ తోట బయట, రోడ్డువార ఎండలో పెట్టి తీగ లాగుదామా అంటే, అరవై మీటర్ల దూరం. పోను అరవై, రాను అరవై. మామూలుగా వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 8 ఆంపియర్లు పంపిస్తే, 18 వోల్టుల్లో ఆరు వోల్టుల పైచిలుకు దారిలోనే వేడిగా పోతాయి. తక్కువ వోల్టు కరెంటుకు దూరప్రయాణం పడదు.

దారి రేపల్లెలో కనిపించింది. అక్కడికి తెనాలి నుంచి వేరే లైను వుంది, 1916 నాటిది. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోతుంది. (భట్టిప్రోలు స్తూపం చూడకుండా రైల్లోంచి దణ్ణం పెట్టి పోవటం నాకు అలవాటైపోయింది.) రేపల్లె అవతల కృష్ణ లంకలో ఒక మిత్రుడికి అరటితోట వుంది. ఆ అరటాకుల మధ్య కాపలా గుడిసెలో, చీకటి పడగానే తెల్లగా దీపం వెలిగింది! చూద్దును గదా, వీపుకు తగిలించుకుని మందు కొట్టే స్ప్రేయరు బాటరీ అది. 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లు. పగలు పొలంలో మందు కొడుతుంది, ఇంటికెళ్ళి చార్జింగు అవుతుంది, రాత్రి గుడిసెలో 5 వాట్ల బల్బు వెలిగిస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, కరెంటు లేని రాత్రుల్లో సెల్‌ఫోన్లకు ప్రాణం పోసింది కూడా అదేనట.

అంటే దీపం వున్నచోటికి ఎండను తేనక్కరలేదు. దీపాన్నే ఎండకు తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకోవచ్చు.

ఇది కొత్త సంగతేం కాదు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే ఆదివారాల్లో, కరెంటు లేని వూళ్ళల్లో ట్రాక్టరు బాటరీ మోసుకొచ్చి టీవీ పెట్టటం మన తరంవారికి జ్ఞాపకమే. అయితే ఆ సీసపు బాటరీ మోయాలంటే కండ వుండాలి. ఇప్పుడు మన ఇళ్ళలో ఇన్వర్టరు కింద కూర్చునే 150 ఆంపియర్-అవర్ల బాటరీ ఏభై కిలోల పైమాటే. పైగా దాన్ని సగానికి మించి వాడితే త్వరగా ముసలిదైపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బాటరీ వచ్చి ఈ లెక్క మార్చింది. దాన్ని గురించి 1997లో అమెరికాలో అచ్చయిన పరిశోధన పత్రంలో గుడెనఫ్ గారి పేరు పక్కన పాఢి, నంజుండస్వామి అని రెండు మన దేశపు పేర్లున్నాయి. లిథియం బాటరీల మీద చేసిన కృషికే గుడెనఫ్ గారికి 2019లో, తొంభై ఏడేళ్ళ వయసులో, నోబెల్ బహుమతి వచ్చింది.

నేను కొన్నది 12.8 వోల్టులు, 30 ఆంపియర్-అవర్లు. హెచ్చిస్తే 384 వాట్-అవర్లు. బరువు నాలుగు కిలోల లోపు. కూరల సంచీలో పడుతుంది. దీన్ని నూటికి తొంభై దాకా వాడుకున్నా బాధ లేదు, అంటే మన చేతికి వచ్చేది సుమారు 345. ఇక ఖర్చు చూడండి: 5 వాట్ల బల్బులు రెండు, అయిదు గంటలకు 50. సెల్‌ఫోన్లు రెండింటికి 30. 28 వాట్ల ఫాను ఎనిమిది గంటలు పూర్తి వేగంతో తిరిగితే 224. మొత్తం 304. ఒక రాత్రికి సరిపోయింది! అదే ఫాను వేగం తగ్గించి 12 వాట్లలో తిప్పితే 96తో పోతుంది. అప్పుడు బాటరీ దాదాపు రెండు రాత్రులు వస్తుంది. బల్బులూ ఫానూ నేరుగా 12 వోల్టులవే కొన్నాను. మధ్యలో ఇన్వర్టరు పెడితే అది తన దారి సుంకం తాను తీసుకుంటుంది.

చార్జింగుకు రోడ్డుమీది బడ్డీకొట్టు మామ్మతో ఒప్పందం కుదిరింది. ఆమె రేకు కప్పుమీద నీడ అనేది లేదు. 100 వాట్ల పానెలు అక్కడ బిగించాం. మంచి ఎండ కాసిన రోజున 350 వాట్-అవర్ల వరకూ ఇస్తుంది. పొద్దున్నే బావగారు టీ తాగటానికి వెళుతూ బాటరీ పట్టుకెళతారు, సాయంత్రం పాలపాకెట్టుతో పాటు తెచ్చుకుంటారు. అద్దెకు బదులు మామ్మ సెల్‌ఫోనూ, కొట్టులో ఒక బల్బూ మా పానెలు మీదే. ముసురు పట్టిన రోజున బాపట్లలో బంధువులింట చార్జింగు పెట్టిస్తారు. ఎంత పీల్చినా అర యూనిటు కాదు.

దీనిలో మరో లాభం కూడా వుంది. బాటరీ వేడెక్కేది ఎక్కువగా చార్జింగులోనే. ఆ పని తాటాకు కింద కాకుండా కొట్టు సిమెంటు గచ్చుమీద జరుగుతోంది. కుటీరంలో బాటరీ కొనకు జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించాను. తాటాకింట్లో ఈ రెండూ లేకుండా ఎవరూ ఈ ప్రయోగం చేయవద్దు.

తుపాను సంగతి వేరే ఆలోచించుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఆకాశం కమ్మేస్తే పానెలు పనిచేయదు, వూళ్ళో కరెంటూ వుండదు. అందుకని రెండో బాటరీ ఒకటి నిండుగా పక్కన వుంచుకోవాలని తీర్మానించాం. వాతావరణ హెచ్చరిక వచ్చిందంటే ఫాను బందు. వున్నదంతా దీపానికీ ఫోనుకూ.

సంక్రాంతికి పిల్లలంతా కుటీరానికే వచ్చారు. తోట అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు. భోగినాటి రాత్రి గడపలో దీపం, మెట్టుమీద దీపం, నేలమీది ఆకు ఆకూ కనపడుతోంది.

అక్కయ్య ఇప్పుడు మిక్సీ అడుగుతోంది. 500 వాట్లు, దానికో పెద్ద ఇన్వర్టరు, ఈ బాటరీ ఆ దెబ్బకు తట్టుకోదని కాగితంమీద లెక్క వేసి చూపించాను. బావగారు పడకకుర్చీలోంచి లేవకుండానే, "రుబ్బురోలు వుందిగా!" అన్నారు. రుబ్బేది ఎవరో మాత్రం చెప్పలేదు.