ఇల్లు చూడ్డానికి ఎందరెళ్లాలి?

పెళ్లిచూపులకి ఎంతమంది వెళ్లాలో పెద్దవాళ్లు ముందే లెక్క వేసుకుంటారు. అవతలివాళ్లకి కబురు పెడతారు. అదే అద్దె ఇల్లు చూడ్డానికైతే ఏ లెక్కా ఉండదు. హైదరాబాద్‌లో ఆదివారం ఏ కాలనీలో చూసినా ఇదే వరస. గేటుకి టు-లెట్ బోర్డు కనబడితే చాలు... భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, బావమరిది, అతని స్నేహితుడు, దారి చూపించిన బ్రోకరు. గుమ్మం ముందు ఏడు జతల చెప్పులు!

లోపల చాలాసార్లు ఇంకా ఖాళీ చేయని కుటుంబం ఉంటుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటుంది. పదో తరగతి పిల్లాడు పుస్తకం ముందేసుకుని ఉంటాడు. మంచం మీద మడత పెట్టని బట్టల కుప్ప. ఓనరుకి అది పోర్షన్. చూడొచ్చినవాళ్లకి డబుల్ బెడ్‌రూమ్. ఆ ఇల్లాలికి మాత్రం అది ఇల్లు. ఏడుగురూ తలో గదిలోకీ దూరితే ఆవిడ ఎవరి వెనకాల వెళ్తుంది?

2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ప్రకారం, అద్దెకిచ్చిన ఇంట్లోకి యజమాని రావాలన్నా 24 గంటల ముందు తెలియజేయాలి. ఓనరుకే ఆ కట్టుబాటు ఉండాలన్నప్పుడు, చూసిపోయేవాళ్లు ఓ ఫోన్ చేస్తే తప్పేముంది? ‘‘అమ్మా, సాయంత్రం అయిదింటికి నేనూ, మా అత్తయ్యగారూ వస్తాం. మీకు వీలవుతుందాండీ?’’ అంటే చాలు. ఆ కాసేపట్లో ఆవిడ ఇల్లు సర్దుకుంటుంది.

వెంట వచ్చినవాళ్లు కళ్లకి పని చెప్పాలి, నోటికి కాదు. ‘‘వంటగది ఈశాన్యంలో ఉందేంటి? అందుకే ఖాళీ చేస్తున్నట్టున్నారు’’ అని ఆవిడ ముందే అనేస్తారు కొందరు. ఉద్యోగం పోయి వెళ్తున్నారో, ఆస్పత్రి ఖర్చులు తట్టుకోలేక చిన్న ఇంటికి మారుతున్నారో ఎవరికెరుక? వాస్తు సంగతులు వీధి చివర మాట్లాడుకోవచ్చు. అద్దె బేరం ఓనరు దగ్గర, అదీ ఒక్కరే చేయాలి. ఫోన్‌లో వీడియో తీసుకోవాలంటే అడిగి తీసుకోవాలి. బీరువాలూ, మంచాలూ అందులో పడకూడదు.

అలాగని ఒంటరిగా వెళ్లమని కాదు. ఒక్కతే గది వెతుక్కునే ఆడపిల్లకి తోడు ఉండాల్సిందే. ఎవరు మొహం చిట్లించినా సరే.

అసలు చిక్కు ఎందరు వెళ్లారన్నది కాదు, ఎవరు వెళ్లారన్నది. బావమరిది పార్కింగ్ చూస్తాడు. స్నేహితుడు మెట్రో స్టేషన్ ఎంత దూరమో చెబుతాడు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోతుంది. లిఫ్టు లేని రెండో అంతస్తు, బాత్‌రూమ్ ముందు ఎత్తు గడప, కూర్చుంటే లేవలేని టాయిలెట్... ఇవన్నీ సామాన్లు దించాకే బయటపడతాయి. ఆపైన 11 నెలల పాటు ఆవిడ కిందికి దిగితే ఒట్టు. వంట చేసేవాళ్లని తీసుకెళ్తే గట్టు ఎత్తు చూస్తారు, మంజీరా నీళ్లు ఏ వేళకి వస్తాయో అడుగుతారు, బట్టలు ఎక్కడ ఆరేయాలో కనుక్కుంటారు.

కాబట్టి ఇద్దరు చాలు. అద్దె కట్టేవారొకరు, రోజంతా ఆ ఇంట్లో ఉండేవారొకరు. మిగతావాళ్లని పాలు పొంగించే రోజున పిలుచుకోవచ్చు. ఆ రోజు గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులుంటే అంత కళ!