అరకు ఘాటులో మా ఫియట్

అరకు వెళ్ళాలంటే మీలో చాలామంది ఇన్నోవా మాట్లాడుకుంటారు. లేదంటే అద్దాల బోగీ ఉన్న రైలెక్కుతారు. రెండూ మంచివే. మేం మాత్రం 2024 జూన్ మొదటి వారంలో మా నాన్నగారి 1989 మోడల్ ప్రీమియర్ పద్మినిలో వెళ్ళాం. మా ఇంట్లో దాన్ని ఎప్పుడూ ఫియట్ అనే అంటాం.

డాలస్‌లో విమానం ఎక్కేటప్పుడే నిశ్చయించుకున్నాను, ఈసారి ఆ కారు అమ్మించెయ్యాలని. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ ఏడాదే మళ్ళీ గడువు. నాన్నగారికి డెబ్భై ఆరేళ్ళు. నేను విషయం ఎత్తగానే, "ముందు పిల్లల్ని అరకు తీసుకెళ్దాం, తరవాత చూద్దాంలే" అన్నారు. స్టీరింగ్ ఆయనే పట్టుకున్నారు. వెనక సీట్లో అమ్మ, పదమూడేళ్ళ మా అమ్మాయి, తొమ్మిదేళ్ళ మా వాడు. పులిహోర డబ్బా ఎవరి ఒళ్ళో ఉండాలన్న తగువు పెందుర్తి దాటకముందే మొదలైంది.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక కొండలు దగ్గరికొస్తాయి, కాసేపటికి ఘాటు మొదలవుతుంది. ఒకపక్క లోయ, ఇంకోపక్క కొండ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం సొరంగాల్లో దూరుతూ, బయటికొస్తూ అక్కడక్కడ కనిపిస్తుంది. కిటికీలోంచి గూడ్సు పెట్టెలు లెక్కపెడుతూ మా వాడు నలభై దగ్గర లెక్క తప్పాడు. ఆ రోజు చినుకు లేదు, విపరీతమైన ఎండ.

డముకు దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నా వృత్తి కంప్యూటర్లు కాబట్టి నాకు తెలిసిన మొదటి వైద్యం రీస్టార్ట్. చెయ్యి చాపి తాళం తిప్పబోయాను. "ఒరేయ్, ఊరికే సెల్ఫ్ కొట్టకు. బ్యాటరీ దిగిపోతే ఈ కొండమీద తోసేది ఎవరు?" అన్నారు నాన్నగారు. చక్రాల వెనక రాళ్ళు పెట్టించి, అమ్మనీ పిల్లల్నీ రోడ్డు వార నీడలోకి పంపి, బోనెట్ ఎత్తారు.

ముందు ట్యాంకులో పెట్రోలు ఉందా? డయల్‌ని ఆయన నమ్మరు. పొద్దున్నే పది లీటర్లు కొట్టించాం కాబట్టి ఉంది. తరవాత ఎయిర్ ఫిల్టరు మూత తీసి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ, యాక్సిలరేటర్ లింకు చేత్తో లాగమన్నారు. పెట్రోలు ఉంటే సన్నటి ధార లోపలికి చిమ్మాలి. చిమ్మలేదు. అంటే కార్బురేటర్ పక్కనున్న చిన్న గిన్నె ఎండిపోయిందన్నమాట. పిల్లలకి చెప్పాలంటే అది ఫ్లష్ ట్యాంకులాంటిది. లోపల ఒక బుడ్డి తేలుతూ ఉంటుంది, పెట్రోలు తగ్గితే బుడ్డి దిగి దారి తెరుచుకుంటుంది. ఇప్పుడు దారి తెరిచే ఉంది, పెట్రోలే రావడం లేదు.

ఇక అనుమానం పంపు మీద. దాన్ని మెకానిక్కులు ఏసీ పంపు అంటారు. ఎయిర్ కండిషనర్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇంజను తిరుగుతుంటే కదిలే రబ్బరు పొర ఒకటి వెనక ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. ఇంజను వేడికి పంపు కాలి, లోపల పెట్రోలు ఆవిరైతే ఆ పొర ఆవిరినే నొక్కుతూ కూర్చుంటుంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ఇంకా త్వరగా మరుగుతుంది కూడా. మందు మా అందరికీ తెలిసిందే: తడిగుడ్డ. అమ్మ తువ్వాలు తడిపి పంపు మీద వేశాం. ఇరవై నిమిషాల తరవాత కారు బయలుదేరింది. నాన్నగారు నావైపు చూసిన చూపు చెప్పనక్కర్లేదు.

రెండు కిలోమీటర్లు. మళ్ళీ ఆగింది.

ఈసారి ఆయన మాట్లాడలేదు. ఇంజను బాగా చల్లారేదాకా ఆగాం. కాయిల్ వైరు తీసేసి, కార్బురేటర్‌కి వెళ్ళే గొట్టం ఊడదీసి నీళ్ళ సీసాలో పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. పెట్రోలు వచ్చింది, కానీ నురగతో, బుడగలతో. చల్లారాక కూడా బుడగలొస్తున్నాయంటే అది ఆవిరి కాదు, గాలి. పంపుకి ఇవతల ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లింది. అక్కడ పంపు పీలుస్తుంది కాబట్టి పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే మరక గానీ వాసన గానీ లేదు.

ఆయన గొట్టమంతా వేళ్ళతో తడిమారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. "ఏమీ లేదురా" అన్నారు. మా అమ్మాయి వంగి, "తాతయ్యా, ఇక్కడ, క్లిప్ పక్కన" అంది. వెంట్రుకంత చీలిక. నాకు మొదటి చూపులోనే కనిపించింది, ఆయనకి మాత్రం చూపించాక కూడా కనిపించలేదు. "ఆఁ, ఉంది ఉంది" అన్నారు. చూస్తున్నది వేరే చోట.

చిట్లిన కొసని బ్లేడుతో అంగుళం మేర కోసి, మిగతాది లాగి బిగించాం. గొట్టం కాస్త పొడవుగా ఉండబట్టి సరిపోయింది. కాయిల్ వైరు పెట్టాక నాలుగో ప్రయత్నానికి ఇంజను అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాన్నగారు తాళాలు నా చేతిలో పెట్టి, ఎడమవైపు సీట్లో కూర్చున్నారు. ఇంతకుముందెన్నడూ అలా చెయ్యలేదు. గాలికొండ దగ్గర ఆపి టీ తాగాం. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు చూపిస్తూ, ఆ చెట్లకి పాకింది మిరియపు తీగ అని మా వాడికి చెప్పారు. అరకులో బొంగు చికెన్ తిన్నాం. తిరిగి దిగేటప్పుడు "సెకండ్ గేరులోనే దింపు, బ్రేకులు కాల్చకు" అన్న మాట తప్ప నా డ్రైవింగుకి వంక పెట్టలేదు.

ఆ వారంలోనే కొత్త గొట్టాలు వేయించాం. మేము బయలుదేరే ముందు రెన్యువల్ కాగితాలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కంటి డాక్టరు దగ్గరికి అమ్మ తీసుకెళ్తానంది. కారు ఎవరు నడుపుతారన్నది మాత్రం మేమెవ్వరం ఎత్తలేదు.