తేదీ ఎవరి చేతిలో ఉంది?

విమానం టికెట్ చౌకగా దొరకాలంటే ఏం చేయాలని అడిగితే సలహాలకు కొదవుండదు. మంగళవారం అర్ధరాత్రి కొనమని ఒకరంటారు. ఫోన్‌లో వద్దు, కంప్యూటర్‌లో చూడమని మరొకరు. బ్రౌజర్‌లో కుకీలు తుడిచేసి మళ్లీ వెతకమని ఇంకొకరు. చౌక టికెట్ ఎక్కడో దాగి ఉంటుందని, ఒడుపు తెలిసినవాళ్లకే చిక్కుతుందని వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం. ఆ నమ్మకం వల్ల దొరకనివాళ్లు తమకు తెలివి చాలలేదనుకుని బాధపడుతున్నారు. నిజానికి ధరను అటూ ఇటూ చేసే పెద్ద విషయం ఒక్కటే: ప్రయాణం తేదీ ఎవరు నిర్ణయిస్తారు, ఎంత ముందుగా నిర్ణయిస్తారు అన్నది.

సీట్లు చూడటానికి ఒకేలా ఉన్నా అమ్మేటప్పుడు ఒకేలా ఉండవు. ఎకానమీ సీట్లను కంపెనీ కొన్ని తరగతులుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక ధర పెడుతుంది. చౌక తరగతిలో సీట్లు అయిపోగానే తర్వాతి ధర తెర మీదికి వస్తుంది. ఉదయం చూసిన రేటు సాయంత్రానికి పెరిగితే మన వెతుకులాటను కంపెనీ పసిగట్టిందని అనుమానిస్తాం. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఆ లోపు ఎవరో ఆ సీట్లు కొనేసుకున్నారు. నలుగురు కలిసి వెళ్లేటప్పుడు ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనబడుతుంది. చౌక తరగతిలో మూడే సీట్లు మిగిలాయనుకోండి. నలుగురికి కలిపి వెతికితే చాలా కంపెనీల్లో నలుగురికీ పై తరగతి ధరే చూపిస్తుంది. ఒక్కరికని వెతికి చూస్తే తేడా బయటపడుతుంది. అప్పుడు ముగ్గురికి ఒక బుకింగ్, నాలుగో మనిషికి ఇంకొకటి చేసుకోవచ్చు. అయితే విమానం రద్దయినా మారినా రెండు పీఎన్ఆర్‌ల సంగతి విడివిడిగా చూసుకోవాలి.

ఈ పద్ధతి మొదలైనప్పటి నుంచీ తేదీనే పట్టుకుని నడుస్తోంది. అమెరికాలో 1978లో ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు తొలగిస్తూ చట్టం వచ్చింది. తర్వాత పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చౌక కంపెనీ పెద్ద కంపెనీల ప్రయాణికులను లాగేసుకోసాగింది. 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దానికి పోటీగా భారీ తగ్గింపులు ప్రకటించింది, కానీ ముందుగా కొన్నవాళ్లకు మాత్రమే. ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చే వ్యాపారుల కోసం మిగతా సీట్లను పాత ధరకే అట్టేపెట్టుకుంది. 1987లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ మూతబడి మరో కంపెనీలో కలిసిపోయింది. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్, 2006లో ఇండిగో వచ్చాక సామాన్యులు కూడా విమానమెక్కగలిగారు, ఈ లెక్కకూ అలవాటు పడ్డారు. చివరికి రైల్వే కూడా 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో పది శాతం బెర్తులు నిండిన కొద్దీ ఛార్జీ మరో పది శాతం పెరిగే విధానం తెచ్చింది.

సంక్రాంతి చూడండి. భోగికి ముందు హైదరాబాద్ నుంచి విశాఖకు, రాజమండ్రికి, విజయవాడకు వెళ్లే విమానాల రేట్లు మండిపోతాయి. అదే రోజు అటునుంచి ఇటు వచ్చే విమానంలో రద్దీ అంతగా ఉండదు. కనుమ దాటాక ఈ లెక్క తిరగబడుతుంది. పండక్కి వారం ముందే వెళ్లి, వారం ఆగి వచ్చేవాళ్లకు చౌకగానే దొరుకుతుంది. అలా వెళ్లగలిగేది ఎవరు? ఇంటి నుంచి పనిచేసుకునే వెసులుబాటు ఉన్నవాళ్లు, విశ్రాంత ఉద్యోగులు. బడికి సెలవులిచ్చాకే కదలగలిగే పిల్లల తల్లిదండ్రులకు, సెలవు మంజూరు కోసం పైఅధికారి వైపు చూసేవాళ్లకు ఆ వీలు లేదు. పండగ నగరంలోనే చేసుకోవచ్చుగా అంటే, ఊళ్లో అమ్మానాన్నలు ఎదురుచూస్తుండగా ఎవరికి మనసొప్పుతుంది?

వెతకడంలో మెళకువలే లేవా అంటే ఉన్నాయి. కాకపోతే తేదీని అటూ ఇటూ జరపగలిగినవాళ్లకే అవి బాగా పనికొస్తాయి. గూగుల్ ఫ్లైట్స్‌లో నెల మొత్తం ధరలు క్యాలెండర్‌లో చూడవచ్చు, రేటు మారితే కబురు పంపమని పెట్టుకోవచ్చు. మరీ ముందుగా కొన్నా తక్కువకు వస్తుందన్న భరోసా లేదు, అందుకే కొన్నాళ్లు గమనించడం మేలు. అమెరికాకు వెళ్లే టికెట్ బయల్దేరడానికి కనీసం వారం ముందు కంపెనీ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లో ఉచితంగా రద్దు చేసుకోవడానికో, డబ్బు కట్టకుండా అదే ధరకు ఆపి ఉంచడానికో అక్కడి నిబంధనలు వీలిస్తాయి. మన దగ్గర డబ్బు వాపసు రాదని చెప్పి అమ్మిన టికెట్‌కైనా, రద్దు చేసుకుంటే పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కివ్వాలి. చాలామంది అడగరు గనుక ఈ సొమ్ము పోగొట్టుకుంటారు.

ప్రభుత్వమే గరిష్ఠ ధర నిర్ణయించవచ్చుగా అని అడిగేవారున్నారు. అడగడం న్యాయమే. కొవిడ్ లాక్‌డౌన్‌లో ఆగిపోయిన దేశీయ విమానాలు 2020 మే 25న తిరిగి మొదలైనప్పుడు కేంద్రం పై హద్దుతో పాటు కింది హద్దు కూడా పెట్టింది. 2022 ఆగస్టు 31 దాకా ఏదో ఒక రూపంలో ఆ హద్దులు సాగాయి. కింది హద్దు వల్ల చౌకగా అమ్మదలచిన కంపెనీ కూడా అంతకు తక్కువకు అమ్మలేకపోయింది. ఉడాన్ పథకం ఇంకో దారి తొక్కింది. 2017 ఏప్రిల్‌లో మొదలైన కడప–హైదరాబాద్ విమానం లాంటి వాటిలో సగం వరకు సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయల హద్దు పెట్టి, కంపెనీకి పడే లోటును ప్రభుత్వం పూడ్చింది. ఆపద వేళల్లో పై హద్దు ఉండి తీరాలి. చావు కబురు విని బయల్దేరినవాడి దగ్గర నాలుగింతలు గుంజడం ఏ లెక్కన చూసినా తప్పే. అయితే పండగ రోజు హద్దు పెట్టినంత మాత్రాన సీట్లు పెరగవు. అదనపు విమానాలు నడిపితేనే పెరుగుతాయి.

అందుకే నా విన్నపం వెతికేవాళ్లకు కాదు, తేదీలు నిర్ణయించేవాళ్లకు. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేసే జగిత్యాల మనిషికి సెలవు పది రోజుల ముందు చెబితే, ఈద్ రద్దీలో పడి నెలజీతంలో పెద్ద భాగం టికెట్‌కే పోస్తాడు. అదే మూడు నెలల ముందు చెబితే ఆ డబ్బు ఇంటికి చేరుతుంది. యజమానికి దీనివల్ల పైసా ఖర్చు లేదు. బడులు సెలవుల పట్టికను ఏడాది మొదట్లోనే ఇచ్చి, దానికి కట్టుబడాలి. పెళ్లి ముహూర్తం కుదిరిన రోజే దూరాన ఉన్న బంధువులకు ఫోన్ చేయండి, శుభలేఖలు అచ్చయ్యేదాకా ఆగకండి.