బటన్ ఫోను

మా బ్రాంచిలో నా బల్ల ముందు కూర్చున్నవాళ్లలో నా ఫోను చూసి నవ్వనివారు తక్కువ. కొందరు మొహం మీదే నవ్వుతారు, మర్యాదస్తులు కిటికీ వైపు తిరిగి నవ్వుతారు. లక్షల రూపాయల అప్పులు మంజూరు చేసే మనిషి రెండు వేలు కూడా చెయ్యని బటన్ ఫోను వాడటం వాళ్లకు వింత. పిసినారితనం అని కొందరి అంచనా. బీకాం చదివి ముప్పై ఏళ్లుగా డెబిట్టు, క్రెడిట్టు చూసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఆ మాటకు నొచ్చుకోను. కానీ కారణం అది కాదు.

పైగా నేను ఉండేది హోసూరులో. ఈ చుట్టుపక్కల టాటా ఎలక్ట్రానిక్స్ వాళ్ల కర్మాగారంలో ఐఫోన్ భాగాలు తయారవుతాయి. పొద్దున్నే షిఫ్టు బస్సుల నిండా పనికి వెళ్లే ఆడపిల్లలు. ప్రపంచమంతా ఎగబడి కొనే ఫోను మా పొలిమేరలో రూపం పోసుకుంటుంటే, ఆ ఊరి బ్యాంకు అధికారి చేతిలో ఈ నల్ల డబ్బా ఏమిటని మా రీజినల్ ఆఫీసు పెద్దమనిషి ఒకాయన నలుగురిలో అడిగాడు కూడా. మాట్లాడటానికి వీలుగా ఉంటుంది సార్ అన్నాను. ఆయన హాస్యం అనుకున్నాడు.

మన దేశంలో సెల్‌ఫోను మొదటిసారి మోగింది 1995 జూలై 31న. కలకత్తాలో జ్యోతిబసు, ఢిల్లీలో కేంద్రమంత్రి సుఖరాం మాట్లాడుకున్నారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. మనం చేసినందుకే కాదు, ఎవరో మనకు చేసినందుకూ చెల్లించాలి. మా బ్రాంచికి ఒక గ్రానైటు వ్యాపారి వచ్చేవాడు. ఆయన ఫోను మోగితే తియ్యకుండా, రోడ్డు దాటి ఎస్టీడీ కొట్టుకు పరుగెత్తి అక్కణ్ణుంచి మాట్లాడేవాడు. 2003లో వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టే బాధ పోయాక గాని సెల్లు మాబోటివాళ్ల జేబులోకి రాలేదు. ఆ ఏడాదే నోకియా 1100 వచ్చింది. తల మీద చిన్న టార్చిలైటు, దుమ్ము దూరని మీటలు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మా వైపు కరెంటు పోయిన రాత్రి మోటారు కాడికి వెళ్లే రైతుకు ఆ లైటు ఒక్కటే చాలు, ఫోను దానితోపాటు ఉచితంగా వచ్చినట్టు లెక్క.

సరిహద్దు ఊళ్లలో బతికేవాళ్లకు సెల్లు ఇంకో పాఠం కూడా నేర్పింది. హోసూరు దాటి జూజువాడి వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఫోను కర్ణాటక టవరును పట్టుకునేది. మనిషి తమిళనాడులో, ఫోను కర్ణాటకలో! అక్కడినుంచి రోమింగు. తెలియక ఎత్తితే వచ్చిన కాల్‌కూ బాదుడే. 2017 ప్రాంతంలో ఆ చార్జీలు పోయేదాకా ఈ బాధ పడ్డాం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుకునే మాకు, మేం ఏ రాష్ట్రంవాళ్లమో ఫోనుకు కూడా తేలకపోవడం పెద్ద ఆశ్చర్యం అనిపించలేదు లెండి.

ఇంతకీ నేను బటన్ ఫోనును వదలకపోవడానికి మొదటి కారణం నా ఉద్యోగం. బ్యాంకు స్ట్రాంగ్ రూముకు, అందులోని క్యాషు సేఫుకు రెండేసి తాళాలు ఉంటాయి. ఒక తాళంచెవి క్యాషు చూసేవాళ్ల దగ్గర, రెండోది ఇంకో అధికారి దగ్గర. ఇద్దరూ వస్తే గాని తలుపు తెరుచుకోదు. దీన్ని మేం జాయింట్ కస్టడీ అంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజరు చెప్పిన మొదటి మాట, ఆ రెండు తాళంచెవులూ ఒక్క రాత్రికైనా ఒకే ఇంట్లో ఉండకూడదని. ఇది మనిషిని అనుమానించడం కాదు. దొంగ ఒక ఇంటికి వస్తే రెండూ దొరక్కూడదు, అంతే.

ఇంటర్నెట్‌లో కార్డు వాడేటప్పుడు రెండో తనిఖీ ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009లో నియమం పెట్టింది కూడా ఇదే ఆలోచనతో. ఆ రెండో తనిఖీయే ఓటీపీగా జనానికి అలవాటైంది. మంచిదే. కార్డు ఒకచోట, ఓటీపీ వచ్చే ఫోను ఇంకోచోట. తర్వాత స్మార్ట్‌ఫోను వచ్చి ఖాతానూ, కార్డునూ, ఓటీపీనీ ఒకే జేబులో వేసింది. రెండు తాళంచెవులు ఒకే గుత్తికి తగిలించినట్టయింది.

బాగలూరు వైపునుంచి గులాబీలు పండించే రైతు ఒకాయన మా ఖాతాదారు. ఎంతో జాగ్రత్తపరుడు, పాస్‌బుక్కులో ప్రతి వరుసా వేలు పెట్టి చూసుకునే మనిషి. ఒకనాటి సాయంత్రం ఆయన వాట్సాప్‌కు పెండ్లి పత్రిక వచ్చింది. పంపిన నంబరు ఆయన బంధువుదే. తెరిచాడు. అది పత్రిక కాదు, ఏపీకే అనే రకం ఫైలు. ఒకసారి ఫోనులోకి దిగితే వచ్చే మెసేజీలన్నీ అవతలివాడికి చేరవేస్తుంది. తెల్లారేసరికి మూడు విడతల్లో లక్షా 84 వేలు పోయాయి. పొద్దున పదింటికి నా ముందు కూర్చుని ఒకటే మాట: “ఓటీపీ నేను ఎవరికీ చెప్పలేదు సార్. బంధువులే పంపించినారు అనుకుంటిని.” ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెప్పలేదు, ఫోనే చెప్పింది. ఆ బంధువుకు ఈ సంగతే తెలియదు, ఆయన ఫోనూ అంతకుముందే దొంగల చేతిలో పడింది.

ఇటువంటివాటికి రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్కులరు ఉంది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక మూడోవాడిదైతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేసిన ఖాతాదారుకు నష్టం అంటదు. కానీ ఖాతాదారు అజాగ్రత్త ఉంటే, తెలియజేసేదాకా పోయింది ఆయన నెత్తినే. మరి పెండ్లి పత్రిక తెరవడం అజాగ్రత్తా? పెండ్లి పత్రిక వస్తే తెరవనివాడు మనలో ఎవరు? పైవాళ్లకు నేను రాసిన కాగితంలో ఈ ప్రశ్నే వేశాను. 1930 నంబరుకు అప్పుడే ఫిర్యాదు చేయించడంవల్ల కొంత సొమ్ము మధ్యలో ఆగింది. మిగతాదాని సంగతి ఇంకా నడుస్తోంది. ఆయన వచ్చినప్పుడల్లా అడుగుతాడు, నేను చూస్తున్నామని చెబుతాను.

నా ఖాతాకు తగిలించిన సిమ్ము ఈ బటన్ ఫోనులో ఉంది. యూపీఐ యాప్ పెట్టుకోవాలంటే ఆ సిమ్ము ఉన్న ఫోనులోనే పెట్టుకోవాలి, దీనిలో అది కుదరదు. కాబట్టి నా సొంత లావాదేవీలు ఇంట్లో కంప్యూటరు మీద, ఓటీపీ ఈ డబ్బాకు. రెండు తాళంచెవులు రెండు చోట్ల. పెండ్లి పత్రికలు వెయ్యి రానీ, ఇది తెరవలేదు. దీనివల్ల మోసమే జరగదని మాత్రం అనను. పోలీసులమని బెదిరించి మాటలతో నంబరు రాబట్టేవాడికి ఏ ఫోనైనా ఒకటే.

బటన్ ఫోనులో డబ్బు పంపడం కుదరదనుకునేవాళ్లకు ఒక మాట. ఇంటర్నెట్ లేకుండానే *99# నొక్కి 5,000 దాకా పంపవచ్చు. ఈ సదుపాయం 2014 నుంచీ దేశమంతటా ఉంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే అని ఇంకోటి తెచ్చింది. దాని పరిమితిని 10,000కు పెంచుతున్నట్టు 2024 అక్టోబరులో ప్రకటించింది. వీటి సంగతి మా కౌంటరులో కూర్చున్న కుర్రవాళ్లకే సరిగా తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు. గోడ మీద క్యూఆర్ కోడు అంటించడం సులువు కదా.

ఇక్కడ మా ఆవిడ తరఫు వాదన కూడా రాయకపోతే న్యాయం కాదు, ఇల్లు కూడా చేరలేను. ఆమెకు స్మార్ట్‌ఫోను ఉంది. రైలు టికెట్టు ఆమె ఫోనులో, గ్యాసు ఆమె ఫోనులో, ఆటో ఆమె ఫోనులో. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చేవి మా అసిస్టెంటు మేనేజరు చదివి చెబుతాడు. “మీ ఒక్క చిన్న ఫోను నడవాలంటే చుట్టూ నాలుగు పెద్ద ఫోన్లు కావాల” అంటుంది. కాదనలేను.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. మా ఆవిడ చదువంతా కృష్ణగిరిలో తమిళ మీడియం. నోట తెలుగు తప్ప ఇంకోటి రాదు, కంటికి తెలుగు అక్షరం తెలియదు. మా ప్రాంతంలో ఇటువంటి ఇళ్లు ఎన్నో. 2006 చట్టం వచ్చి తమిళం ఒకటో తరగతి నుంచీ తప్పనిసరి అయ్యాక బడిలో తెలుగు మరీ పలచనైంది. 2020లో కరోనా మూలంగా ఇంట్లో పడి ఉన్న నెలల్లో ఆమె ఫోనులో యూట్యూబు పెట్టుకుని, గ్యాసు రసీదుల వెనక అ ఆలు దిద్దింది. యాభై దగ్గరపడే వయసులో. ఇప్పుడు ఈ పత్రిక పోస్టులో వస్తే మొదట ఆమె చేతికే పోతుంది, నాకు రాత్రి భోజనాలయ్యాక దొరుకుతుంది. నా బటన్ ఫోను ఆమెకు ఆ పని చేసిపెట్టగలిగేదా? లేదు. ఒకప్పుడు ఇటువంటి ఫోనుకు తెలుగులో మెసేజి పంపితే వరసగా డబ్బాలు కనిపించేవి. ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70. అందులోనూ స్త్రీ అని రాస్తే మనకు ఒక్క అక్షరం, యంత్రం లెక్కలో ఆరు! ఇప్పుడు నా ఫోనులో తెలుగు కనిపిస్తుంది గాని, రాయబోతే వేళ్లకు కాయలు కాస్తాయి.

అయినా నేను దీన్ని వదలకపోవడానికి రెండో కారణం ఉంది. మొదటిదాన్ని నేను ఎవరితోనైనా వాదిస్తాను. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మాయి పూణెలో ఉంటుంది. మనవరాలికి ఆరేళ్లు. బడిలో ఇంగ్లీషు, ఆటల్లో హిందీ, పనిమనిషితో మరాఠీ. తెలుగు అమ్మానాన్నల దగ్గర వినేది మాత్రమే. అల్లుడూ అమ్మాయీ ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. మా ఆవిడ వీడియో కాల్ చేస్తుంది. పిల్ల తెర మీదికి వచ్చి “అమ్మమ్మా, దిస్ సీ” అని ఒక బొమ్మ చూపిస్తుంది, ఇంకో బొమ్మ చూపిస్తుంది, గౌను చూపిస్తుంది, ఊడిన పన్ను చూపిస్తుంది. మా ఆవిడ “అబ్బా, ఎంత బాగుందో” అంటుంది. పది నిమిషాలకు కాల్ అయిపోతుంది. ముఖం చూశామన్న తృప్తి ఉంటుంది, నేను కూడా వెనకనుంచి తొంగి చూస్తాను. కానీ ఆ పది నిమిషాల్లో పిల్ల నోట వచ్చిన తెలుగు మాటలు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు ఎక్కువే.

నా ఫోనులో బొమ్మ కనపడదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వాళ్ల అమ్మ ఫోను నుంచి నాకు చేస్తుంది. “తాతా, నా దగ్గర కొత్త బండి ఉంది, చూడు” అంటుంది. నాకు కనపడదు కదమ్మా, ఎట్లుందో చెప్పు అంటాను. ఇక తప్పదు. ఎర్రగా ఉంది. నాలుగు చక్రాలు. ఒక చక్రం ఊడింది. ఎవరు ఊడగొట్టారు? పక్కింటి పిల్లవాడు. ఎందుకు? ఇక్కడ హిందీ వస్తుంది, నాకు రాదన్నట్టు ఊరుకుంటాను. కాసేపు తడుముకుని “వాడికి కోపం వచ్చింది” అంటుంది. కోపం అనే మాట ఆ పిల్ల నోట మొదటిసారి విన్నది ఆ రోజే. వీడియోలో అయితే ఊడిన చక్రం చూపించి ఊరుకునేది.

ఒకసారి ఒక జంతువు పేరు తెలియక తోక ఎంతుందో, ఎట్లా దూకుతుందో, ఏం తింటుందో ఐదు నిమిషాలు చెప్పింది. ఉడుత అన్నాను. ఉడత అంది. మా వైపు ఉడత అనే అంటాం. నేనే పుస్తకం మాట చెప్పాను, అది వాళ్ల అమ్మమ్మ మాట పట్టుకుంది.

ఈ సంగతి అమ్మాయికి చెబితే, పిల్లకు తాత పరీక్షలు పెడుతున్నాడని ఆదివారం కాల్ కాస్తా పోతుందేమోనని భయం. ఇప్పుడు రాసేశాను. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఫరవాలేదు. మా ఆవిడ చదివి చెబితే మాత్రం నా చేతిలో ఏమీ లేదు.

ఈ ఫోన్లు ఎంతకాలం ఉంటాయన్నది వేరే ప్రశ్న. మాట్లాడటానికి మాత్రమే ఫోను వాడేవాళ్లం డేటాకు కూడా కలిపి డబ్బు కడుతూ వచ్చాం. 2024 డిసెంబరులో ట్రాయ్ గట్టిగా చెప్పాక, మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికివచ్చే ప్యాకులు 2025 జనవరిలో వచ్చాయి. నేను 84 రోజులది వేయిస్తున్నాను. జియో మొదటినుంచీ 4జీయే, 2జీ జోలికే పోలేదు. మిగిలిన కంపెనీలు 2జీని ఎన్నాళ్లు నడుపుతాయో చూడాలి. 4జీ మీద నడిచే బటన్ ఫోన్లు కూడా దొరుకుతున్నాయి. ఒకటి కొని చూశాను. బటన్లు ఉన్నాయి గాని తెరవగానే పాటలు, సినిమాలు, క్రికెట్టు. దాన్ని మా వంటమనిషికి ఇచ్చేసి, నా పాత రకందే ఇంకోటి తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను. వచ్చే ఏడాది నా రిటైర్మెంటు. అప్పటినుంచి రీజినల్ ఆఫీసు వాళ్లు కూడా నాకు ఫోను చెయ్యరు. ఆదివారం ఎనిమిదింటికి ఛార్జి ఉంటే చాలు.