పాలిష్ అంటే పూసేది కాదు, గీకేది

ఈసారి పంట గురించి కాదు, కారు గురించి రాస్తున్నా. నవ్వకండి. మన ఊళ్ళల్లో ఇప్పుడు ఏ బజారు చూసినా సెకండ్ హ్యాండ్ కార్లు నాలుగైనా ఉంటున్నాయి. వేపచెట్టు కింద పెడతాం, పిట్టలు రెట్టలేస్తాయి, కళ్ళంలో మిరపకాయల దుమ్మంతా దాని మీదే. ఇంట్లో పెళ్ళి ముహూర్తం పెట్టుకోగానే "కారుకి పాలిష్ కొట్టిద్దాం" అంటాం. ఆ మాట అనేముందు ఇది చదవండి. నేను అనేసి, బానెట్ అంచు పోగొట్టుకున్నా.

మాది ముదురు నీలం రంగు కారు, పాతదే కొన్నా. కొన్న రోజు నుంచి దాన్ని చూసుకునేది మా నాన్న. పొద్దున్నే కాఫీ తాగి, భుజం మీద తువ్వాలు తీసి, కారు చుట్టూ తిరిగి దుమ్ము తుడిచేవాడు. ఎడ్లున్న రోజుల్లో వాటిని తోమిన చెయ్యి, ఇప్పుడు ఊరుకోదు. పాప పెళ్ళికి ముందు, "మనవరాలు మన కారులోనే అత్తగారింటికి వెళ్ళాలి, అద్దెకారు వద్దు" అని పట్టుబట్టాడు. సరేనని టౌనుకి వెళ్ళే రోడ్డు పక్క ఒక షాపులో పాలిష్ కొట్టించా. వాడు గిర్రున తిరిగే మిషనుతో, గరుకు కాంపౌండుతో గంటలో పని ముగించాడు. నీడలో చూస్తే అద్దమే. ఇంటికొచ్చి ఎండలో పెడితే బానెట్ నిండా సుడులు సుడులుగా మచ్చలు, అంచున వేలెడు మేర క్లియర్ కోటే లేదు.

గుంటూరులో కారు పెయింటింగ్ పని చేసే మా బావమరిది కొడుకు వచ్చి చూశాడు. వాడు చెప్పిన మొదటి మాట ఇదీ: "మామయ్యా, పాలిష్ అంటే పూసేది అనుకున్నావు. అది గీకేది."

అసలు సంగతి అంతా ఇందులోనే ఉంది. రేకు మీద ముందు ప్రైమర్, దాని మీద రంగు, పైన రంగులేని క్లియర్ కోటు. ఆ మెరుపంతా పైపొరదే. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మనం మిర్చికి పరిచే మల్చింగ్ షీటు 25, 30 మైక్రాన్లది కొంటాం కదా, అలాంటివి ఒకటిన్నర షీట్లు పెడితే ఎంతో అంత! గీతలు పోవడమంటే గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీయడమే. కొడవలికి సాన పెట్టినట్టు. సాన పెట్టిన ప్రతిసారీ పదును వస్తుంది, ఇనుము తరుగుతుంది. పదేళ్ళ కొడవలి ఎంత సన్నబడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంచుల దగ్గరైతే పెయింటు మామూలుగానే పలచన, మిషను ఒత్తిడంతా అక్కడే పడుతుంది. మాది పోయింది అక్కడే.

ఇక షాపులో డబ్బాల సంగతి. అన్నిటి మీదా పాలిష్ అనే రాసి ఉంటుంది, లోపల సరుకు మాత్రం మూడు రకాలు. కాంపౌండ్ అనేది గరుకు, 1500, 2000 నంబరు నీటి కాగితం గీతల్ని కూడా తీసేస్తుంది, తనవైన సన్న గీతలు వదిలిపోతుంది. ఫినిషింగ్ పాలిష్ అనేది ఆ సన్న గీతల్ని, పొగపట్టినట్టుండే మసకని తీసేది. మూడోది వాక్స్. అది గీకదు, పైన కాపలా కాస్తుంది అంతే. కొన్నిట్లో గీతల్ని నూనెలతో పూడ్చేసే సరుకు ఉంటుంది, కొట్టిన రోజు దివ్యంగా ఉంటుంది, రెండు మూడు కడుగుళ్ళకి గీతలు మళ్ళీ పైకి లేస్తాయి. ఎరువుల కొట్లో బస్తా మీది అంకెలు చదివి కొంటాం కదా, ఇక్కడా అంతే. కొన్ని కంపెనీలు డబ్బా మీదే గీకే బలం ఎంత, మెరుపు ఎంత అని అంకెలు వేస్తాయి. గీకే అంకె తక్కువ, మెరుపు అంకె ఎక్కువ ఉన్నది మనక్కావలసింది. మెత్తటిదానితో మొదలుపెట్టి చాలకపోతేనే గరుకుదానికి వెళ్ళాలి. పురుగు మందైనా ముందు తక్కువ ఘాటుదే కొడతాం కదా (కొట్టాలి, కొడుతున్నామా అనేది వేరే కథ).

మా అల్లుడు డిక్కీ మూల ఒక అడుగు చదరం చూసుకుని టేపు వేసి, అక్కడ ముందు పరీక్ష చేశాడు. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్, అంతే. స్పిరిట్‌లో నీళ్ళు కలిపి గుడ్డతో తుడిచాడు, నూనె మెరుపు పోయి నిజం బయటపడుతుందని. గీతలు చాలా వరకు పోయాయి. "కాంపౌండ్ అవసరమే లేదు మామయ్యా, ఆ షాపాయన అనవసరంగా వాడాడు" అన్నాడు. బానెట్ మీది సుడులు కూడా దీంతోనే పోయాయి. అంచు మాత్రం రాలేదు, దానికి మళ్ళీ పెయింటే.

పని ఎలా చేశామో చెబుతా. తెల్లారకముందే షాంపూతో కడిగాం, సర్ఫ్ వద్దన్నాడు. మన బోరు నీళ్ళు ఆరితే తెల్ల మరకలు కడతాయి, అందుకే వెంటనే మెత్తటి గుడ్డతో అద్దాం. చేత్తో నిమిరితే ఇంకా గరగరలాడింది, తారు, జిగురు. దానికి బంకమట్టి ముద్దలాంటి క్లే బార్ ఉంటుంది, తడిపి మెల్లగా జరిపితే అదంతా పట్టుకొచ్చేస్తుంది. నల్ల ప్లాస్టిక్కులకి, అంచులకి టేపు వేశాం. అంతా నీడలోనే. రేకు చల్లగా ఉండాలి, వేడి మీద పాలిష్ ఎండిపోయి అట్ట కడుతుంది.

మిషను కూడా ఒకే చోట గిర్రున తిరిగేది కాదు, తిరుగుతూ పక్కకి ఊగేది. అది అంత తొందరగా వేడెక్కించదు, కొత్తవాళ్ళకి అదే క్షేమం. ప్యాడ్ మీద శనగ గింజంత చుక్కలు నాలుగు. రెండడుగుల చదరం చొప్పున, పత్తిలో గుంటక తోలినట్టు ముందు నిలువు సాళ్ళు, తర్వాత అడ్డ సాళ్ళు. నొక్కొద్దు, మిషను బరువు చాలు. తుడిచి, లైటు పెట్టి చూసి, పక్క చదరానికి. కాంపౌండ్ వాడిన ప్యాడ్‌తో ఫినిషింగ్ చేస్తే పని చెడుతుంది, దేని ప్యాడ్ దానికే. ప్యాడ్ కింద పడిందా, పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి, ఒక ఇసుక రేణువు చాలు. మిషను లేకపోతే చేత్తోనూ చెయ్యొచ్చు, అంత మెరుపు రాదు, భుజాలు పడిపోతాయి.

ట్రాక్టర్ల వాళ్ళకి ఒక మాట. పాత ట్రాక్టర్లకి చాలావాటికి పైన క్లియర్ కోటు ఉండదు. రుద్దితే గుడ్డకి ఎర్రగా రంగు అంటుతుంది. భయపడక్కర్లేదు, సున్నంలా తేలిన పై రంగు అది. కానీ కారు రుద్దితే గుడ్డకి రంగు అంటిందంటే అక్కడే ఆపండి, పైపొర అయిపోయినట్టే.

చివర్లో వాక్స్ పట్టించాం. దాంట్లో కార్నూబా అనేది బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. మన ఎండలకి కొన్ని వారాలు ఆగుతుంది, తర్వాత మళ్ళీ పట్టించుకోవచ్చు. అది ఎన్నిసార్లు పట్టించినా నష్టం లేదు.

ఇంత బాగా జరిగినచోట ఒక తప్పు జరిగింది. ఎండలో సాలెగూడులా కనిపించే ఆ గీతలు ఎలా పడ్డాయని అడిగితే, మా అల్లుడు ఆలోచించకుండా "తాతయ్య తువ్వాలు వల్లే. పొడి దుమ్ము మీద రుద్దితే గరుకు కాగితమే కదా" అనేశాడు. నాన్న అరుగు మీదే ఉన్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు కారు దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తువ్వాలు భుజం మీదే ఉంది. నాలుగు రోజులు కారు మీద దుమ్ము పడి, వేళ్ళతో పేర్లు రాసేంత అయింది. పెళ్ళింట్లో అందరికీ హడావిడి, ఆయన మౌనం ఎవరికీ పట్టలేదు, మా ఆవిడకి తప్ప.

అయిదో రోజు నేనే రెండు బకెట్లు పెట్టి, మైక్రోఫైబర్ గుడ్డలు తెచ్చి, "నాన్నా, నాకు చేతకావట్లేదు, కొంచెం చూడు" అన్నా. ముందు లేవలేదు. తర్వాత వచ్చి, బకెట్లు రెండెందుకని అడిగాడు. ఒకటి షాంపూది, ఒకటి గుడ్డ జాడించుకోడానికి, జాడించకుండా షాంపూలో ముంచితే మట్టి మళ్ళీ కారుకే అని చెప్పా. "ఆ మాట ముందే చెప్తే సరిపోయేదిగా" అన్నాడు.

డ్రైవరు వైపు డోరు పిడి కింద ఒక గీత మిగిలిపోయింది. గోరు పెడితే తగులుతుంది. గోరుకి తగిలే గీతని పాలిష్‌తో తియ్యాలని చూడకూడదు, పొర చిరుగుతుంది. అది నాన్న చేతి కడియం గీత, ఆయనకీ తెలుసు. కడిగేటప్పుడు దాని మీద వేలుతో ఒకసారి రాసి, కడియం పైకి జరుపుకుని, గుడ్డ జాడించుకున్నాడు.